బొడ్డు లైనా, పిక్ లైనా? నెలలు నిండని బిడ్డకు ఏది మేలు?

ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) కొత్తగా చేరే సిస్టర్లు, పీజీ డాక్టర్లు అందరూ అడిగే ప్రశ్న ఇది. రక్తంలో ఇన్ఫెక్షన్ రాకుండా ఉండాలంటే ఏ లైన్ మంచిది? లైన్ అంటే మందులు, ద్రవాలు ఎక్కించడానికి సిరలోకి పంపే సన్నని గొట్టం. బొడ్డు లైన్ బొడ్డు సిర గుండా, పిక్ లైన్ చేతి లేదా కాలి సిర గుండా వెళ్తుంది.

కిలో బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి రోజు బొడ్డు లైనే సులువు. సిర ఎదురుగా కనిపిస్తుంది, సూది గుచ్చే పని లేదు, బిడ్డ ఒళ్లు చల్లబడకముందే పని అయిపోతుంది. అయితే రోజులు గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుంది. 7 రోజుల్లోపే తీసే ఆలోచన చేయమని అమెరికా సీడీసీ 2022లో సూచించింది. పిక్ లైన్ వేయడానికి చేయి తిరిగినవాళ్లు కావాలి. దారమంత సిర మరి. సరిగా కుదిరితే వారాల తరబడి నిలుస్తుంది. వారం దాటి టీపీఎన్ (సిర ద్వారా ఇచ్చే పోషణ) కావాల్సిన బిడ్డకైతే నా మొగ్గు పిక్ వైపే.

సూక్ష్మజీవులను చంపే మందు పట్టించిన పిక్ లైన్ల గురించీ అడుగుతారు. ఇంగ్లండ్‌లో 18 ఎన్‌ఐసీయూల్లో చేసిన ప్రివెయిల్ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు లైన్‌తో పోలిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గలేదు.

నా దృష్టిలో అసలు విషయం లైన్ ఎన్ని రోజులు ఉందన్నదే. అది త్వరగా బయటికి రావాలంటే బిడ్డకు పాలు పెరగాలి. పాలు కిలోకు రోజుకు 120 మి.లీ. దాకా చేరి, బిడ్డ తట్టుకుంటే మేం లైన్ తీసేస్తాం. అందుకే కాన్పు అయిన కొన్ని గంటల్లోనే తల్లి దగ్గరికి వెళ్తాం. "ఇంకా పాలు పడలేదండీ" అంటారు పక్కనున్న పెద్దవాళ్లు. పడేది చుక్కలే అయినా అవి ముర్రుపాలు. సిరంజిలో పట్టి ఇవ్వమ్మా అని బతిమాలతాను. తల్లిపాలు చాలకపోతే పాల బ్యాంకు ఆదుకుంటుంది, హైదరాబాద్ నీలోఫర్‌లో ఉన్నట్టుగా.

గతంలో నేను పనిచేసిన ఒక చోట, శనివారానికే పాలు సరిపడా తాగుతున్న బిడ్డకు "సోమవారం చూద్దాంలే" అని లైన్ ఉంచేశాం. సోమవారం తెల్లవారుజామున ఊపిరి ఆగి ఆగి వచ్చింది. రక్తం కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. బిడ్డ దక్కింది కానీ, ఇంటికి వెళ్లాల్సిన తల్లి ఆ వరండాలోనే ఇంకో రెండు వారాలు గడిపింది.

లైన్ చివర సిరంజి తగిలించే హబ్‌ను తుడవకుండా సిరంజి తగిలిస్తే ఏ లైనైనా ఒకటే, అది వేరే చెప్పక్కర్లేదు. రౌండ్స్‌లో మాత్రం ప్రతి బిడ్డ దగ్గరా ఆగి అడుగుతాను: "ఈ లైన్ ఈరోజు దేనికి?" జవాబు రాకపోతే ఆదివారమైనా సరే, అప్పుడే తీయిస్తాను.