వాంకూవర్‌లో మా నాన్నకి దొరికిన నాటక సమాజం

2024 సెప్టెంబర్‌లో అమ్మానాన్నలతో అమెరికాలోని రెడ్మండ్ నుంచి కెనడాలోని వాంకూవర్ వెళ్లొచ్చాం. ముందే చెప్తున్నా, అమెరికా టూరిస్టు వీసా ఉన్నా, ఇండియా పాస్‌పోర్టు మీద వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా విడిగా తీసుకోవాలి. మనిషికి వీసాకి 100, వేలిముద్రలకి 85 కెనడా డాలర్లు.

మొదటిరోజు స్టాన్లీ పార్కు, గ్రాన్‌విల్ ఐలండ్. బాగున్నాయి.

హోటల్ మాత్రం ముంచింది. రాత్రికి 189 అని చూసి రెండు రాత్రులకి బుక్ చేశాను. ఖాళీ చేసేటప్పుడు పార్కింగ్ రోజుకి 42, 'డెస్టినేషన్ ఫీజు' రోజుకి 18 వేశారు. పన్నులు కాక 120 డాలర్లు అదనం! అదేం ఫీజని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి తలెత్తకుండా "పాలసీ" అన్నాడు. లిఫ్ట్ పనిచెయ్యలేదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ మూడంతస్తులు మెట్లెక్కింది, ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. మీరు బుక్ చేసేముందు పార్కింగ్ ఎంతో, లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. ఫొటోలు చూసి మోసపోకండి.

శనివారం పొద్దున చైనాటౌన్‌లో గంజి తాగాం. గిన్నె 11 డాలర్లు, మీద అల్లం ముక్కలు, ఉల్లికాడలు. అమ్మ మొహం అక్కడే తేటపడింది. పెండర్ వీధిలో 1889లో కట్టిన వింగ్ సాంగ్ భవనంలోనే ఇప్పుడు చైనీస్ కెనడియన్ మ్యూజియం ఉంది. దాన్ని 2023 జూలై 1న తెరవడానికి కారణం ఉంది. సరిగ్గా వందేళ్ల ముందు అదే తేదీన చైనా వాళ్లు కెనడాకి రాకుండా చట్టం పెట్టారు. అంతకుముందు వచ్చే ఒక్కో చైనా మనిషి మీదా తలపన్ను: 1885లో 50 డాలర్లు, 1900లో 100, 1903 నుంచి 500. ఆ చట్టం 1947 దాకా పోలేదు. భార్యాబిడ్డలు సముద్రానికి అవతల, మగవాళ్లు ఇవతల. లాండ్రీల్లో, వంటిళ్లల్లో పనిచేసి గదికొచ్చేవాళ్లకి సాయంత్రాలు ఎలా గడవాలి?

వాళ్లు కాంటనీస్ నాటకం, అంటే దక్షిణ చైనా పాటల నాటకం, ఆడుకోవడానికి సంగీత సమాజాలు పెట్టుకున్నారు. అలా 1934లో పుట్టిన జిన్ వా సింగ్ నాటక సంఘం పేరుకి 'చైనాని మేల్కొలిపే గొంతు' అని అర్థం. దక్షిణ చైనా నుంచి వచ్చిన వృత్తి కళాకారులు వదిలేసి వెళ్లిన దుస్తులు ఇలాంటి సంఘాల దగ్గరే మిగిలాయి.

మధ్యాహ్నం ఓ పాత భవనం ముందు నడుస్తుంటే పైనుంచి కంచు గంట, చెక్క దెబ్బలు వినిపించాయి. నాన్నగారు టక్కున ఆగిపోయారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా ఊరి నాటక సమాజంలో హార్మోనియం వాయించిన మనిషి. "రిహార్సల్ రా ఇది" అన్నారు. నాకు మొహమాటం, తలుపు ఆయనే కొట్టారు.

ఓ పెద్దావిడ లోపలికి రమ్మని కుర్చీలు వేసింది. ఇరవై మంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్లే. చైనా వాయిద్యాల మధ్య ఓ వయొలిన్, ఓ శాక్సఫోన్! కాంటనీస్ నాటకంలోకి పాశ్చాత్య వాయిద్యాలు వందేళ్ల కిందటే వచ్చాయట. మన పద్యనాటకంలోకి హార్మోనియం వచ్చినట్టే.

పెద్దావిడ పాట కాగితం చేతికిచ్చింది. పాట మాటల పక్కనే స్వరాలు, అవీ చైనా అక్షరాలే. హో, సి, యి, సాంగ్, చె, గుంగ్, ఫాన్ అని వేలుపెట్టి చదివి చూపించింది. పెద్ద దెబ్బకి అడ్డగీతల గుర్తు, చిన్న దెబ్బకి వాలుచుక్క. నాన్నగారు ఆ గుర్తులు చూసుకుంటూ మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టారు. రెండుసార్లు తప్పారు. మూడోసారి కుదిరింది. చెక్క వాయించే పెద్దాయన అది గమనించి, వాయిస్తూనే తలూపాడు. నాన్న పాట అయ్యేదాకా ఆ కాగితం మీంచి చూపు తిప్పలేదు. టికెట్ లేదు, చందా అడగలేదు, పైగా టీ ఇచ్చారు.

ఆదివారం యూబీసీలో (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ) ఉన్న మ్యూజియం ఆఫ్ ఆంత్రొపాలజీకి బస్సులో వెళ్లాం, మనిషికి 3.20. జిన్ వా సింగ్ దగ్గరున్న పాత దుస్తులు కొన్ని ఇప్పుడు ఆ మ్యూజియం సొంతం. వాంకూవర్‌లో ఒక్కరోజే ఉంటే మిగతావన్నీ మానేసి చైనాటౌన్‌కీ, ఇక్కడికీ వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర ఆఫీసర్ కెనడా నుంచి ఏం తెస్తున్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్నగారు వెనక సీట్లోంచి ఆ పాట కాగితం తీసి చూపించారు.