తోసిందా, పడ్డాడా? ఈమధ్య చూసిన నాలుగు కోర్టు సినిమాలు

'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' అయిపోగానే మా ఆయన టీవీ కట్టేస్తూ "ఆవిడే తోసేసింది, ఇందులో డౌటేముంది" అన్నారు. ఎలా చెప్పగలరంటే, మొగుడు పోయిన మనిషి అలా ఉంటుందా అన్నారు. నాకు మాత్రం సాండ్రా, అదే ఆ భార్య, ఆ పని చేయలేదనే అనిపించింది. ఎందుకని తిరిగి అడిగితే నా దగ్గరా గట్టి సాక్ష్యం ఏమీ లేదు, ఆ నటి ముఖం తప్ప. ఆ వాదన తెగకపోవడం వల్లే మిగతా మూడు సినిమాలూ వరసగా చూశాం. కథలు కొంత బయటపడతాయి, ముందే చెబుతున్నా.

ఈ సినిమా 2023లో వచ్చింది. తీసింది ఫ్రెంచి దర్శకురాలు జస్టిన్ త్రియే. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి పామ్ డోర్, తర్వాత స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చాయి. ఆల్ప్స్ కొండల్లో మంచు మధ్య ఒంటరి ఇల్లు. పైన అటక మీద భర్త ఒకే పాట చెవులు చిల్లులు పడేలా మళ్లీ మళ్లీ పెడుతుంటాడు. కుక్కని తీసుకుని షికారుకెళ్లిన కొడుకు తిరిగొచ్చేసరికి తండ్రి ఇంటి ముందు చచ్చిపడి ఉంటాడు. ఆ పిల్లాడికి చూపు సరిగా లేదు. ఇంట్లో అప్పుడున్నది భార్య ఒక్కతే, కేసు ఆవిడ మీదకే వస్తుంది. పడ్డాడా, దూకాడా, తోసిందా అన్నది మనకి చూపించరు.

నాకు బాగా పట్టేసింది గొడవ సీను. చనిపోవడానికి ముందురోజు భార్యాభర్తలు పోట్లాడుకుంటే, భర్త ఆమెకి తెలియకుండా రికార్డు చేసి పెట్టుకున్నాడు. కోర్టులో అది వినిపిస్తారు. వినిపిస్తుండగానే మనల్ని వంటింట్లోకి తీసుకెళ్లి ఆ పోట్లాటంతా ఎదురుగా చూపిస్తారు. నాకు రాసుకోవడానికి టైం లేకుండా చేశావని అతను, నువ్వు రాయకపోతే నా తప్పా అని ఆమె. పెళ్లయి కొన్నేళ్లయిన ఎవరికైనా ఈ మాటల వరస కొత్తగా అనిపించదు. మేమిద్దరం ఆ పది నిమిషాలూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. సరిగ్గా చేయి చేసుకునే సమయానికి దర్శకురాలు టక్కున కోర్టు హాల్లోకి తెచ్చి పడేస్తుంది. ఇక శబ్దం ఒక్కటే. ఎవరు ఎవరిని కొట్టారో ఆ జడ్జీలకెంత తెలుసో మనకీ అంతే.

చివర్లో కొడుకు సాక్ష్యం ఇంకో ఎత్తు. కారులో తండ్రి తనతో ఏమన్నాడో చెబుతాడు. తెర మీద తండ్రి పెదాలు కదులుతుంటాయి, వినపడేది పిల్లాడి గొంతు. అది నిజంగా జరిగిందా, పిల్లాడు ఒక నిర్ణయానికొచ్చి అల్లుకున్నాడా? నాకైతే ఈ మధ్యకాలంలో వచ్చిన సినిమాల్లో ఇంత తెలివైన సీను కనబడలేదు. భార్యగా చేసిన సాండ్రా హ్యూలర్ నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏడవాల్సిన చోట ఏడవదు, అదే ఆవిడ మీద అనుమానానికి దారి. ఒక్క ఫిర్యాదు: రెండున్నర గంటల సినిమాలో మొదటి అరగంట నత్తనడక. ఇక కుక్క స్నూప్‌గా చేసిన మెస్సీకి కాన్‌లో కుక్కలకిచ్చే సరదా అవార్డు కూడా ఇచ్చారు. సినిమా చూశాక ఆ అవార్డు సరదాకి ఇచ్చింది కాదనిపించింది.

తర్వాత '12 యాంగ్రీ మెన్'. 1957లో సిడ్నీ లుమెట్ తీసిన మొదటి సినిమా. రెజినాల్డ్ రోజ్ అంతకుముందు టీవీ కోసం రాసిన నాటకమే దీనికి మూలం. తండ్రిని పొడిచి చంపాడన్న కేసులో ఒక కుర్రాడు, జ్యూరీ గదిలో తీర్పు తేల్చాల్సిన పన్నెండు మంది మామూలు మనుషులు, వాళ్లలో పదకొండు మంది 'దోషి' అంటారు, హెన్రీ ఫాండా ఒక్కడే కాదంటాడు. ఇంచుమించు సినిమా అంతా ఆ ఒక్క గదిలోనే. కథ ఎప్పుడో తెలుసు కాబట్టి ఈసారి కెమెరా మీద దృష్టి పెట్టి చూశాను. మొదట్లో మనుషుల తలల పైనుంచి చూస్తుంది. మధ్యలో కళ్ల ఎత్తుకి దిగుతుంది. ఆఖరికొచ్చేసరికి కింది నుంచి చూస్తుంది, పైకప్పు కనబడటం మొదలవుతుంది. లెన్సులు కూడా మార్చుకుంటూ వెళ్లారు, గోడలు వాళ్ల వీపులకి అతుక్కుపోయినట్టుంటాయి. గది అంతే ఉంది, మనకే ఊపిరాడదు. ఫ్యాను తిరగదు, చొక్కాలు చెమటకి తడిసిపోతాయి. వాన మొదలై లైట్లు వేశాకగానీ ఫ్యాను కూడా ఆ స్విచ్చుకే ఉందని ఎవరికీ తెలియదు. ఇలాంటి చిన్న చిన్నవాటితోనే నడుస్తుంది సినిమా.

ఒకాయన, పదో నంబరు జ్యూరర్, "ఆ జనాలంతా అంతే" అన్న ధోరణిలో విషం కక్కుతుంటే మిగతావాళ్లు ఒక్కొక్కరే బల్ల దగ్గర్నుంచి లేచి వెనక్కి తిరిగి నిలబడతారు. ఎవరూ ఎదురు వాదించరు, చివర్లో ఒకాయన మాత్రం కూర్చో, మళ్లీ నోరు తెరవకు అంటాడు. ఆయన గొంతు దానంతటదే సన్నగిల్లిపోతుంది. ఇవాళ ఆ సీను తీస్తే ఎవరో ఒకరి చేత రెండు నిమిషాల స్పీచ్ ఇప్పించేవారని నా గట్టి నమ్మకం.

ఆ కుర్రాడు అమాయకుడని సినిమా ఎక్కడా చెప్పదు. చూసినవాళ్లలో చాలామంది "అమాయకుణ్ణి కాపాడిన కథ" అంటారుగానీ, కాపాడింది సందేహాన్ని మాత్రమే. అసలు చంపింది ఎవరో చివరిదాకా తెలియదు. మా ఆయన దీన్నీ వదల్లేదు. హెన్రీ ఫాండా సొంతంగా వెళ్లి హత్యకి వాడిన కత్తి లాంటిదే అచ్చంగా ఇంకోటి కొనుక్కొచ్చి బల్ల మీద గుచ్చుతాడు కదా, జ్యూరీలో ఉన్నవాడు అలా బయటి నుంచి సాక్ష్యం తేకూడదు, నిజం కోర్టులో అయితే విచారణే రద్దయ్యే పరిస్థితి అని. నిజమే. కానీ ఆ కత్తి చెక్కలో దిగిన చప్పుడుకి నేను ఇప్పటికీ ఉలిక్కిపడ్డాను, కాబట్టి మాఫీ. ఆఖరిదాకా 'దోషి' అని పట్టుబట్టే జ్యూరర్‌గా చేసిన లీ జె. కాబ్ తన కొడుకు ఫోటో చింపుకునే చోట మాత్రం కాస్త మోతాదు ఎక్కువైంది. విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు, ఆస్కార్‌కి మూడు నామినేషన్లు వచ్చినా ఒక్కటీ గెలవలేదు. ఇవాళ నలుపు తెలుపులో ఉందని పక్కన పెట్టేవాళ్లకి నా సలహా, గంటన్నర పైన ఓ ఆరు నిమిషాలే, కూర్చోండి.

'జ్యూరర్ నంబర్ 2' గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2024లో, దర్శకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి తొంభై నాలుగేళ్లున్నప్పుడు వచ్చింది. హత్య కేసులో జ్యూరీకి వచ్చినవాడికి, ఆ రాత్రి తన కారుకి తగిలింది జింక కాకపోవచ్చునని మెల్లగా అర్థమవుతుంది. ఎంత మంచి పాయింటు! అయితే అసలు సంగతి మనకి తొందరగానే తెలిసిపోతుంది. కాబట్టి "ఏం జరిగింది" అన్న టెన్షన్ పోయి "బయటపడతాడా లేదా" అన్నదే మిగులుతుంది. తోటి జ్యూరర్లు తలా రెండు డైలాగులకి వచ్చిపోతారు. ప్రాసిక్యూటరుగా టోనీ కొలెట్, ఆమె మీద ఆ ఆఖరి షాటు మాత్రం నిలబడతాయి. సెలవు రోజు మధ్యాహ్నానికి సరిపోతుంది.

జపాన్ సినిమా 'రషోమాన్' ఈ నాలుగింటిలో వయసులో పెద్దది, అకిరా కురొసావా 1950లో తీశాడు. అడవిలో ఒక సమురాయ్, అంటే పాతకాలపు జపాన్ యోధుడు, చనిపోయాడు. బందిపోటు, సమురాయ్ భార్య, పూనకం వచ్చిన మనిషి నోట చనిపోయిన సమురాయ్, కట్టెలు కొట్టేవాడు, నలుగురూ నాలుగు కథలు చెబుతారు. విచారణ చేసే అధికారి ముఖం గానీ గొంతు గానీ సినిమాలో ఉండదు. సాక్షులందరూ నేరుగా మన వైపు చూసి జవాబులు చెబుతారు, అంటే అడిగేది మనమే అన్నమాట. డెబ్భై ఏళ్ల తర్వాత త్రియే చేసిన పనికి బీజం ఇక్కడే ఉందనిపించింది. ఒక్క తేడా ఉంది, ఇక్కడ కట్టెలు కొట్టేవాడు తప్ప అందరూ "నేనే చంపాను" అన్నట్టు మాట్లాడతారు, చచ్చినవాడితో సహా! శిక్ష తప్పించుకోవడం కంటే గొప్పగా కనబడటం వాళ్లకి ముఖ్యం. తొషిరో మిఫునే ఒళ్లు గోక్కుంటూ, దోమలు కొట్టుకుంటూ గంతులేయడం కొందరికి అతిగా అనిపిస్తుంది, నాకు ముచ్చటేసింది. ఆకుల సందుల్లోంచి సూర్యుడి మీదకే కెమెరా ఎత్తిన ఆ అడవి నడక ఇప్పటికీ కొత్తగా ఉంది. చివర్లో పసిబిడ్డ రావడం మాత్రం నాకు రుచించలేదు. మనిషి మీద నమ్మకం నిలబెట్టాలని బలవంతంగా తెచ్చినట్టుంది.

ఒక్కటే చూసే తీరిక ఉంటే '12 యాంగ్రీ మెన్' చూడండి. ఇంట్లో గొడవకి సిద్ధమైతే 'అనాటమీ'. దాన్ని డబ్బింగులో మాత్రం పెట్టుకోకండి. సాండ్రా జర్మన్, భర్త ఫ్రెంచివాడు, ఇంట్లో ఇంగ్లీషు. కోర్టులో తనకి అంతగా రాని ఫ్రెంచిలో తనని తాను కాపాడుకోవాలి, మాటలు దొరక్క మధ్యలో ఇంగ్లీషులోకి మారిపోతుంది. డబ్బింగులో అందరూ ఒకే భాషలో గడగడా మాట్లాడేస్తుంటే ఆ అవస్థ ఏమీ తెలియదు, మా ఆయన లాగే మీరూ ఆవిడకి పావుగంటలో శిక్ష వేసేస్తారు.