ఫాస్ట్ గ్రోత్ లైనా, గట్టి లైనా: వాకాడు గుంటల్లో పదమూడు పంటల తరువాత

తిరుపతి జిల్లా వాకాడు మండలంలో నాకున్న రెండు రొయ్యల గుంటల్లో 2018 నుంచి పదమూడు పంటలు జన్యు ఎంపికతో అభివృద్ధి చేసిన వెనామీ రకం రొయ్య పిల్లతోనే తీశాను. ఒక గుంటలో వేగంగా పెరిగే ఫాస్ట్ గ్రోత్ లైను (ఒక లక్షణం కోసం ఎంచుతూ వచ్చిన వంశం), రెండో దానిలో తట్టుకునే శక్తిని చూసి ఎంచిన గట్టి లైను వదలడం నా అలవాటు. అందువల్ల ఒకే నీటిలో, ఒకే మేతతో రెండింటినీ పోల్చి చూసే వీలు కలిగింది.

పెరుగుదలలో తేడా నిజమే. ఉప్పు శాతం నిలకడగా ఉండే వేసవి పంటలో ఫాస్ట్ గ్రోత్ లైను 90 రోజులకు 50 కౌంటుకు (కిలోకు 50 రొయ్యలు) వస్తే, గట్టి లైను 60 దగ్గర ఉండేది. ఈశాన్య రుతుపవనాల వానకు ఉప్పు శాతం రెండు రోజుల్లో పడిపోయే రెండో పంటలో మాత్రం లెక్క తిరగబడేది. వేగంగా పెరిగేది చెక్‌ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) మేత వదిలేసి, మోల్టింగ్ (పెంకు విడిచే) సమయంలో రాలిపోయేది. గట్టి లైను రొయ్య సైజు పెద్దగా రాకపోయినా పట్టుబడిలో టన్నులు చూపించేది. తల్లిరొయ్యల యోగ్యతను ఎక్కడో శుభ్రమైన నీటిలో కొలిచి అంచనా వేస్తారు కాబట్టి, ఆ అంచనా మన గుంటలో పూర్తిగా నిలబడకపోవడంలో వింత లేదు.

వ్యాధుల సంగతి విడిగా చెప్పాలి. పిల్ల వచ్చే సంచి మీద ఎస్పీఎఫ్ అని కనిపిస్తే రోగం రాదని నేనూ మొదటి రెండేళ్లు పొరబడ్డాను. నిర్దేశించిన రోగకారకాలు ఆ పిల్లను కన్న తల్లిరొయ్యల్లో లేవని మాత్రమే దాని అర్థం. దిగుమతి తల్లిరొయ్యలు చెన్నై నీలాంకరై క్వారంటైన్ దాటి వచ్చేదీ ఆ భరోసాతోనే. నిరోధకత వేరు. టౌరా వైరస్ మీద ఎంపిక బాగా ఫలించింది గానీ, తెల్లమచ్చ వైరస్‌ను తట్టుకునే గుణం తరువాతి తరానికి అంత బలంగా దిగదు. పైగా రోగపరీక్షకు గురిచేసిన రొయ్యను మళ్లీ తల్లిగా వాడలేరు, దాని తోబుట్టువులను బట్టి అంచనా వేయాల్సిందే. ఇక్కడే డీఎన్‌ఏ గుర్తులు పనికొస్తాయి: ఒకే తల్లి పిల్లల్లోనూ ఏది మెరుగో చెప్పగలవు, దగ్గరి చుట్టరికం ఉన్న జతలను తప్పించగలవు. 2019లో వెనామీ జన్యుక్రమం వెలువడ్డాక ఈ పని మరింత సులువైంది. సముద్రంలో పట్టిన తల్లే ఆధారమైన టైగర్ రొయ్యల రోజులను చూసినవారికి ఇదెంత మార్పో తెలుస్తుంది.

అయినా ఈహెచ్‌పీ (రొయ్య పెరుగుదలను దెబ్బతీసే సూక్ష్మజీవి) దగ్గర ఏ లైనూ నన్ను కాపాడలేదు. 2021 రెండో పంటలో ఒకే వలలో 60 కౌంటు, 140 కౌంటు కలిసి పడ్డాయి. గుంట అడుగు బురదలో మిగిలిన బీజాలే కారణమని పీసీఆర్ పరీక్ష తరువాత అర్థమై, అప్పటినుంచి నేలను పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టి, కాల్చిన సున్నం వేసి దున్నుతున్నాను.

నాకున్న అసలు అసంతృప్తి పిల్ల మీద కాదు, రసీదు మీద. ఒకసారి ఒక హేచరీ ఫాస్ట్ గ్రోత్ అని ఇచ్చిన పిల్ల, మామూలు గుంటలో పెరిగిన రొయ్యలనే తల్లులుగా వాడితే పుట్టిన సంతానంలా ఎగుడుదిగుడుగా పెరిగింది. కాలి ముక్క నుంచి తల్లిదండ్రులను నిర్ధారించే పరీక్ష ఉంది, కానీ తల్లిరొయ్యల వివరాలు సంస్థ దగ్గరే ఉంటాయి కనుక రైతు తనంతట తాను చేయించుకోలేడు. తల్లిరొయ్యల దిగుమతి పత్రం చూపనివారి దగ్గర ఇప్పుడు కొనడం మానేశాను.

ఈసారి వేసవికి రెండు గుంటల్లోనూ ఫాస్ట్ గ్రోత్ లైనే వదులుతున్నాను. ఆగస్టులో మళ్లీ గట్టి లైనుకు మారతాను.