బడిలో కథల పుస్తకాలు ఎక్కడుండాలి: బీరువాలోనా, దండెం మీదా, రాక్‌లోనా?

వరంగల్ చుట్టుపక్కల సర్కారు ప్రాథమిక బడులకు మా సలహా ఇది: ఒకటి, రెండు తరగతుల గదిలో దండెం కట్టండి, మూడు నుంచి ఐదు తరగతులకు గోడ రాక్ పెట్టండి. బీరువా రాత్రిపూట దాచడానికే.

పిల్లల కథల పుస్తకాలు ఎక్కువగా 16, 24 పేజీలవి, మధ్యలో పిన్నులు కొట్టినవి. బీరువాలో నిలబెడితే పేరు కనబడదు, అన్నీ ఒకే కాగితపు కట్టలాగా ఉంటాయి. చదవడం ఇంకా రాని బిడ్డ అట్ట మీద బొమ్మ చూసే పుస్తకం ఎంచుకుంటుంది. ఆ బొమ్మే కనబడకపోతే చెయ్యి చాపదు. పైగా తాళంచెవి ఆఫీసు గదిలో ఉంటుంది.

దండేనికి బట్టలారేసే ప్లాస్టిక్ తొడుగు తీగ మంచిది. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది. నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఒక వరస, రెండడుగుల ఎత్తున ఇంకో వరస కట్టాలి. నాలుగడుగులకో మేకు పడకపోతే మధ్యలో జారుతుంది. 16 అడుగుల వరసకు సుమారు 22 పుస్తకాలు పడతాయి. పుస్తకాన్ని మధ్యకు తెరిచి తీగ మీద వేస్తే అట్ట బొమ్మ అడ్డం తిరుగుతుంది. అందుకే పై అంచున రెండు క్లిప్పులు పెట్టాలి, అదీ పేజీలన్నీ కలిపి. అట్టకొక్కదానికే పెడితే పిన్ను దగ్గర చినుగుతుంది. క్లిప్పు మరీ బిగువుగా ఉంటే చిన్న వేళ్లకు రాదు, పిల్లలు పుస్తకాన్ని గుంజేస్తారు. ఇనుప క్లిప్పులైతే వానాకాలం తుప్పు మరకలు పడతాయి.

ముసురు పట్టినప్పుడు బయటి గోడ చెమ్మెక్కుతుంది. రెండు గదుల మధ్య గోడనే ఎంచుకోండి. కిటికీలకు జాలీ లేని బడిలో కోతుల బెడద ఉంటే సాయంత్రం పుస్తకాలన్నీ బీరువాలోకి పోవాలి. ఆ పని పిల్లలే చేస్తారు.

పెద్ద తరగతుల పుస్తకాలు మందం, దండెం మొయ్యదు. నాలుగడుగుల పొడవు, మూడు అరల రాక్‌లో 18 అట్టలు ఎదురుగా కనబడతాయి, ఒక్కోదాని వెనక మరో మూడు పెట్టొచ్చు. అర లోతు నాలుగంగుళాలు చాలు, ముందు రెండంగుళాల పట్టీ ఉండాలి. చెదల వల్ల ప్లైవుడ్ కన్నా ఇనుము నయం. ముందు వరస పదిహేను రోజులకోసారి మార్చకపోతే రాక్ కూడా బీరువా అయిపోతుంది.

దండేనికి ఇంకో మేలుంది, రాక్‌కు అది లేదు: విడి కాగితాలూ వేలాడదీయొచ్చు. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు గూడేల్లో కోయ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు మాటల్లేని బొమ్మల పుస్తకం ఇచ్చి, వాళ్ల భాషలోనే కథ చెప్పనివ్వాలి. అందులో ఒక్క వాక్యాన్ని టీచర్ తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఆ పుస్తకం పక్కనే తగిలించాలి. పుస్తకాలు తక్కువైతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి కుట్టి క్లిప్పు పెట్టండి.