సీలు వేసిన పుస్తకం, చూపించని గది: హనుమకొండలో రెండు రోజులు

ముందే చెప్పేస్తున్నా. హనుమకొండ బస్టాండు చుట్టుపక్కల లాడ్జి తీసుకుంటే గది చూడకుండా డబ్బు కట్టకండి. పాత పుస్తకం కొంటే కవరు విప్పనివ్వని చోట కొనకండి. ఈ రెండు తప్పులూ నేను ఒకే రోజు, మూడు గంటల తేడాతో చేశాను. అదీ ఇరవై ఏళ్ళుగా పాత పుస్తకాలు ఏరుతున్నవాణ్ణి అయ్యుండి.

వెళ్ళింది చిన్నప్పటి గేమ్‌బుక్స్ కోసం. తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఈ ఇంగ్లీషు పుస్తకాల్లో హీరో చదివేవాడే. దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే 112వ పేరా తియ్యి, కుడికైతే 305 తియ్యి అంటుంది. అమెరికాలో బాంటమ్ వాళ్ళు 1979లో 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' అని పల్చటి పుస్తకాలు మొదలుపెట్టారు. నా పిచ్చి అది కాదు. బ్రిటన్‌లో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ కలిసి 1982లో పఫిన్ వాళ్ళకు రాసిన పుస్తకంతో మొదలైన 'ఫైటింగ్ ఫాంటసీ' నా పిచ్చి. ఇందులో పాచికలు కూడా వేయాలి. నైపుణ్యం, ఓపిక, అదృష్టం అని మూడు స్కోర్లు రాసుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చోవాలి. కొట్లాటలో ఓపిక సున్నాకి వచ్చిందంటే మన పని అయిపోయినట్టే. మొదటి పుస్తకంలో సరిగ్గా 400 పేరాలు, తర్వాతవీ చాలావరకు అంతే. 1995 దాకా పఫిన్ నుంచి 59 వచ్చాయి. చివర్లో వచ్చినవి తక్కువ అచ్చయ్యాయి కాబట్టి వాటి రేట్లు ఇప్పుడు మండిపోతున్నాయి. నేను వెతుకుతున్నది అందులో ఏదో మాత్రం చెప్పను. చెబితే ఇంకో ఐదొందలు పెరుగుతుంది.

1991లో నేను కాజీపేటలో ఏడో తరగతి. స్టేషన్ దారిలో అద్దె పుస్తకాల షాపుండేది. ఇరవై రూపాయల డిపాజిట్, రోజుకు అర్ధరూపాయి. చందమామలు అరిగిపోయేదాకా చదివినవాడికి ఈ ఆకుపచ్చ వెన్ను పుస్తకం చేతికొస్తే ఎలా ఉంటుంది? బేతాళుడు కూడా ప్రశ్న అడిగేవాడు, కానీ జవాబు విక్రమార్కుడు చెప్పేసేవాడు. ఇక్కడ జవాబు నేనే చెప్పాలి, తప్పయితే నేనే చావాలి. సగం ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. 'ఎడమ', 'కుడి', 'కత్తి', 'పారిపో' అర్థమైతే చాలు, బండి నడిచేది.

2024 మార్చి 2, శనివారం, నేనూ మా బామ్మర్దీ హైదరాబాద్ ఉప్పల్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. వాడికి పుస్తకాలంటే పడదు. "ఆదివారం లక్నవరం చెరువుకు తీసుకుపోతా" అని ఆశ పెడితే వచ్చాడు. టికెట్ మనిషికి 210. ఆడవాళ్ళకు ఉచితంగా జీరో టికెట్ వచ్చాక ఎక్స్‌ప్రెస్‌లు కిటకిటలాడుతున్నాయి. ఆడవాళ్ళు ఊళ్ళు చూసొస్తున్నారు, సంతోషమే, కానీ మాకు భువనగిరి దాటాకే సీటు దొరికింది. నిలబడడం వల్ల వాడి మూడ్ అక్కడే పాడైంది. సీటు గ్యారంటీగా కావాలంటే సూపర్ లగ్జరీ ఎక్కండి.

లాడ్జి సంగతి. ఆన్‌లైన్‌లో ఏసీ గది 1,200 అని చూపించింది. కౌంటర్‌లో అబ్బాయి తలెత్తకుండా "రెండు వేలు" అన్నాడు. అదేంటంటే, జాతర రేటు. మేడారం జాతర అయిపోయి అప్పటికే వారం. మా బామ్మర్ది ఊరుకుంటాడా! "జాతరయింది, మొన్న బుధవారం తిరుగువారం కూడా అయింది, ఇంకేం జాతర?" అన్నాడు. ఆ అబ్బాయి అప్పుడు తలెత్తి, "సమ్మక్క పోయింది గానీ జనం పోలేదు సార్" అన్నాడు. మాట బాగుంది. నాకు నవ్వొచ్చింది, నవ్వు రాగానే బేరం చేజారిపోయింది. గది చూస్తామంటే "క్లీనింగ్ అయితున్నది, డబ్బులు కట్టండి, తాళం ఇస్తా" అన్నాడు. కట్టాను. ఏసీ రిమోట్‌కు ఇంకో 200 డిపాజిట్.

గది తెరిస్తే తడి గోడ వాసన. కిటికీ తీస్తే ఎదురుగా ఫంక్షన్ హాలు, అందులో పెళ్ళి. దుప్పటి మార్చమంటే ఇంకో దుప్పటి తెచ్చి పాతదాని మీద పరిచి వెళ్ళాడు. కింద మరక అలాగే ఉంది, పైన కొత్తది. వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే. రాత్రి తొమ్మిదింటికి బరాత్ మొదలైంది, డీజే దెబ్బకు బాత్రూమ్‌లో మగ్గు కదిలింది. పదకొండింటికి కరెంటు పోయింది. జనరేటర్ ఉందన్నారు కదా అని కిందికి దిగితే, ఉంది. వరండాకు మాత్రమే. డీజేకు మాత్రం వేరే జనరేటర్ ఉన్నట్టుంది, ఒక్క దరువు కూడా తప్పలేదు.

గది తీసుకోవడానికీ బరాత్‌కీ మధ్యలో పుస్తకం కథ జరిగింది. చౌరస్తా దగ్గర ఒక సందులో పాత పుస్తకాల దుకాణం. ఎక్కువగా పోటీ పరీక్షల గైడ్లు, ఇంటర్ మెటీరియల్. నేను వెతుకుతున్న పుస్తకం ఫొటో ఒకటి నాకు వాట్సాప్‌లో వచ్చింది, అది ఈ దుకాణంలోదే. దుకాణదారు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగువైపులా టేపు వేశాడు. 2,500 చెప్పాడు. విప్పి చూస్తానంటే, "విప్పితే తీసుకోవాలె సార్, ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేసిన్రు." పాత పుస్తకాలకు ఇలా సీలు వేసేది కొన్నిసార్లు బూజు వాసన తెలియకుండా ఉండడానికని నాకు తెలుసు. అయినా చేతిలో ఆ ఆకుపచ్చ వెన్ను, దాని మీద అంకె. 1,800కి తెగింది. గూగుల్ పే చేసేటప్పుడు నా వేళ్ళు వణికాయంటే బామ్మర్ది ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ రాత్రి కరెంటు పోయాక గదిలో చీకట్లో, దోమల మధ్య, చేసే పనేం లేక వాడే అడిగాడు, "ఏదీ, నీ 1,800 చూపియ్యి" అని. సెల్లు టార్చి వెలుగులో నేనే టేపు కోశాను. పాచికలు లేవు. కానీ ఇలాంటి వాటిలో చాలావరకు ప్రతి పేజీ అడుగున రెండు పాచికల బొమ్మలు అచ్చేసి ఉంటాయి. పేజీలు గబగబా తిప్పి ఎక్కడో ఒకచోట ఆపితే అదే మన పందెం. అది చూపించేసరికి వాడు లేచి కూర్చున్నాడు. ఓపిక 19 వచ్చింది. లాడ్జి లెటర్‌హెడ్ వెనక రాసుకున్నాడు. అరగంటలో ఇద్దరిని చంపాడు, ఒకసారి మోసం చేశాడు. వెనక్కి వెళ్ళడానికి వీలుగా పాత పేజీలో బొటనవేలు పెట్టుకున్నాడు. నేర్పించకుండానే అందరికీ వచ్చే విద్య అది. పన్నెండు దాటాక అన్నాడు:

"బావా, 233 ఎక్కడున్నది?"

పేరాలు వరసగానే ఉంటాయి, కథే వరసగా ఉండదు. 230 ఉంది. పక్క పేజీ 236తో మొదలైంది. మధ్యలో ఒక ఆకు లేదు. వెన్ను దగ్గర గోరంత అంచు మాత్రం మిగిలింది, బ్లేడుతో కోసినట్టు సాఫుగా. మామూలు నవలలో ఒక ఆకు పోతే ఊహించుకుని ముందుకు పోతాం. ఇందులో ఐదు పేరాలు పోయాయంటే ఐదు దారులు మూసుకుపోయినట్టే. పైగా 233కి వేరే రెండు చోట్ల నుంచి కూడా దారి ఉందని తర్వాత చూసుకున్నాం. 1,800 పోయిందన్న బాధ నాది. వాడి కోపం వేరు: ఓపిక ఇంకా 11 ఉండగా ఆగిపోవలసి వచ్చింది.

కొనేవాళ్ళకు చెప్పేదొకటే. అట్ట మెరుస్తుంటే మోసపోకండి. పేజీ పైన పేరాల అంకెలుంటాయి, 1 నుంచి చివరిదాకా అవి తెగకుండా ఉన్నాయో లేదో వేలితో తిప్పి చూడండి, రెండు నిమిషాల పని. ముందు స్కోర్లు రాసుకునే కాగితం ఉంటుంది, అది చింపేసి ఉంటే సగం ధర. పెన్సిల్ రాతలుంటే బేరం ఆడండి, పెన్నుతో రాస్తే గట్టిగా ఆడండి. చదవడానికైతే కొత్త అచ్చులు దొరుకుతాయి, మా ముసలి పిచ్చి మీకెందుకు?

ఆదివారం నిద్ర లేదు కాబట్టి ఆరింటికే వేయిస్తంభాల గుడి. కల్యాణ మండపం ఇంకా తెరవలేదు, ఐదు రోజుల తర్వాత శివరాత్రికి తెరిచారు. భద్రకాళి చెరువు గట్టున నడిచాం. బాగుంది.

అసలు సుఖం అక్కడికి దగ్గర్లో దొరికింది. ఒక పెద్దమ్మ రేకుల షెడ్డు కింద సర్వప్ప చేస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి కలిపిన ముద్దను గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి మూత పెట్టింది. తీసేసరికి అడుగు ఎర్రగా, పైన మెత్తగా. ఒకటి 40 రూపాయలు. "ఇంకొకటి పెట్టనా బిడ్డా" అని అడిగి, మేము తలూపేలోపే పిండి ఒత్తడం మొదలుపెట్టింది. నాలుగు తిన్నాం. రెండు వేల గదిలో మమ్మల్ని మనుషుల్లా ఎవరూ చూడలేదు. 160 రూపాయలకు ఇక్కడ చూశారు. బామ్మర్ది లక్నవరం ఊసెత్తలేదు. 233 ఊసు మాత్రం రెండుసార్లు ఎత్తాడు.

షేర్ ఆటోలో కాజీపేట, మనిషికి 20. మా అద్దె షాపు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. నాలుగు దుకాణాల అవతల పాత కాగితాల వ్యాపారి ఉన్నాడు. పిల్లల ఇంగ్లీషు పుస్తకాలేమైనా వచ్చాయా అంటే, "రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసినప్పుడు వస్తయి, అగో ఆ మూట" అని చూపించి, మూట ముడి తనే విప్పి, స్టూలు వేసి, టేబుల్ ఫ్యాను మా వైపు తిప్పాడు. రెండు గంటలు దుమ్ములో కూర్చున్నాం. ఒక్కసారి కూడా "తీసుకుంటరా లేదా" అనలేదు. కిలో 60. మూడు బాంటమ్ పుస్తకాలు, జో డెవర్ 1984లో మొదలుపెట్టిన 'లోన్ వుల్ఫ్' సిరీస్‌లో అట్ట లేనిది ఒకటి దొరికాయి. దానికి పాచికలు అక్కర్లేదు, చివర్లో అంకెల పట్టిక ఉంటుంది, కళ్ళు మూసుకుని పెన్సిలు పెట్టాలి. ఆ పట్టిక మీద గుచ్చి గుచ్చి ఎవరో 9 ఉన్నచోట చిల్లు పొడిచారు.

"వీడు కళ్ళు మూస్కోలే బావా," అన్నాడు బామ్మర్ది.

అన్నీ కలిపి 700 గ్రాములు, 42 రూపాయలు. యాభై ఇస్తే చిల్లర లేదని ఒక పాత బాలమిత్ర చేతిలో పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి, పుస్తకం కొన్న చౌరస్తా దుకాణం తెరిచాక అక్కడికి వెళ్ళాం. నేనేమీ మాట్లాడలేదు, నాకు గొడవంటే టెన్షన్. బామ్మర్ది పుస్తకం తెరిచి, కోసిన అంచు చూపించాడు.

"ఒక్క ఆకే కద సార్. మిగతదంత మంచిగున్నది. కథ అర్థమైతలేదా?"

"అన్నా, నేను 233 కాడ ఆగిపోయిన. ముందటికి ఎట్ల పోవాలె? నువ్వే చెప్పు."

దుకాణదారు పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అది వరసగా చదివే పుస్తకం కాదని ఆయనకు అప్పుడే తెలిసింది. డబ్బు వాపసు కుదరదన్నాడు, సీలు విప్పారన్నాడు, అరగంట లొల్లి తర్వాత 300 తిరిగిచ్చాడు. లాడ్జిలో రిమోట్ డిపాజిట్ మాత్రం రాలేదు. బ్యాటరీలు అయిపోయాయట.

చెన్నైలో నాలాంటి పిచ్చివాడొకడున్నాడు, వాట్సాప్ పరిచయం. అడిగిన పది నిమిషాల్లో తన కాపీలోంచి ఆ ఆకు రెండువైపులా ఫొటో తీసి పంపాడు. బస్టాండు ఎదురుగా ప్రింట్ 10 రూపాయలు. అంటిద్దామంటే మామూలు గమ్ పేజీని పసుపు చేస్తుంది. మంచిది దొరికాక చూద్దామని ఆ కాగితం నా బ్యాగులో పెట్టుకున్నాను. తిరుగు బస్సులో వాడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని జనగామ వచ్చేలోపే నిద్రపోయాడు. ఉప్పల్‌లో దిగేటప్పుడు "రెండు రోజుల్ల ఇస్త బావా" అని చంకలో పెట్టుకుపోయాడు.

రాత్రి పదకొండున్నరకు ఫోన్. "బావా, ఆ కాగితం నీ దగ్గరనే ఉన్నదా? 233 ఒక్కటి చదివి వినిపియ్యి."

పుస్తకం ఎప్పుడిస్తావో ముందు చెప్పమన్నాను.

"చదువు బావా ప్లీజ్. ఓపిక 11 ఉన్నది."