పాత ఫోన్‌ను రూట్ చేయడం మేలా, రూట్ లేకుండా సర్దుకోవడం మేలా?

మూడు నాలుగేళ్లు వాడిన ఆండ్రాయిడ్ ఫోన్‌ను రూట్ చేసుకోవడం మేలా, లేక ఆ జోలికి పోకుండా ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే సాధనం) అనవసరమైన యాప్‌లు తొలగించుకుని వాడుకోవడం మేలా అని విశాఖపట్నంలో నన్ను అడిగేవారు ఈ మధ్య బాగా పెరిగారు. వారిలో మద్దిలపాలెం చుట్టుపక్కల గదులు తీసుకుని చదువుకునే విద్యార్థులే ఎక్కువ. మధురవాడ వైపు ఐటీ ఉద్యోగులు, గాజువాక నుంచి ఒకరిద్దరు ఉక్కు కర్మాగార ఉద్యోగులు కూడా ఉన్నారు. రూట్ అంటే ఏమిటో, బూట్‌లోడర్ అంటే ఏమిటో వీరికి తెలుసు కనుక ఆ పాఠం ఒక్క మాటలో ముగిస్తాను: రూట్ అంటే ఫోన్ సిస్టమ్‌పై పూర్తి అధికారం పొందడం, బూట్‌లోడర్ అంటే ఫోన్ ఆన్ కాగానే ఏ సాఫ్ట్‌వేర్‌ను నడపాలో చూసే తాళం వంటి ప్రోగ్రామ్. పని మధ్యలో చెడితే ఫోన్‌ను మళ్లీ మొదటి స్థితికి తెచ్చుకునే దారి తమ చేతిలో ఉందా అన్నదే ఈ ఎంపికను తేల్చే ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం.

రూట్ ఎందుకు అని అడిగితే కంపెనీ పెట్టి పంపిన యాప్‌లు తీసేయాలని, ప్రకటనలు ఆపాలని చాలామంది చెబుతారు. ఈ రెండింటికీ రూట్ అక్కరలేదు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ ఆదేశంతో ఒక యాప్‌ను మన యూజర్ వరకు తొలగిస్తే, దాని ఫైలు సిస్టమ్ విభాగంలో అలాగే ఉంటుంది. మనకు మాత్రం కనబడదు, నడవదు. పొరపాటున అవసరమైన యాప్ తీసేసినా మరో ఆదేశంతో తిరిగి తెచ్చుకోవచ్చు. కంప్యూటర్ లేనివారు ఆండ్రాయిడ్ 11లో వచ్చిన వైర్‌లెస్ డీబగ్గింగ్ సాయంతో, ఇతర యాప్‌లకు ఏడీబీ స్థాయి అనుమతులు ఇచ్చే షిజుకు యాప్‌ను నడిపించి ఇదే పని ఫోన్‌లోనే చేసుకోవచ్చు. ప్రకటనల బెడదకు ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగులో ప్రకటనలను అడ్డుకునే సర్వర్ పేరు పెడితే చాలావరకు సరిపోతుంది, యూట్యూబ్ ప్రకటనలు మాత్రం దానికి లొంగవు. ఈ దారిలోనూ కళ్లు మూసుకుని నడవకూడదు: కొన్ని షావోమి ఫోన్లలో ఫైండ్ డివైస్ వంటి యాప్‌ను తొలగిస్తే ఫోన్ లోగో దగ్గరే ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతూ ఉంటుంది. అప్పుడు కూడా రికవరీలోకి (ఫోన్‌ను బాగుచేసుకునే ప్రత్యేక మెనూ) వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోన్ దక్కుతుంది, పోయేది బ్యాకప్ లేని డేటా మాత్రమే.

రూట్ విషయంలో ఇంత తేలిగ్గా బయటపడలేము. 2016లో మాజిస్క్ అనే రూట్ సాధనం వచ్చాక సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోకుండా బూట్ ఇమేజ్‌ను (ఫోన్ మొదలయ్యేటప్పుడు నడిచే ఫైలు) మాత్రమే సవరించే పద్ధతి స్థిరపడింది, పని చూడటానికి సులువుగా కూడా మారింది. అయితే బూట్‌లోడర్ తెరిచిన క్షణంలోనే ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోతుంది. ఆ తరువాత సవరించే బూట్ ఇమేజ్ మన ఫోన్‌లో నడుస్తున్న బిల్డ్‌దే (సాఫ్ట్‌వేర్ వెర్షన్) అయి ఉండాలి, అదే మోడల్‌కు చెందిన మరో నెల అప్‌డేట్‌లోనిదైనా పనికిరాకపోవచ్చు. షావోమి ఫోన్లలో వెర్షన్ సంఖ్య చివరి అక్షరాలను దగ్గరగా చదివితే మధ్యలో ‘ఐఎన్’ అని ఉన్నది భారత్ బిల్డ్, ‘ఎంఐ’ అని ఉన్నది గ్లోబల్ బిల్డ్. పేరు ఒకటే కదా అని ఒకదాని ఫైలు మరొకదానిలో వేసేవారు ఈ రెండక్షరాల దగ్గరే దెబ్బతింటారు. ఆండ్రాయిడ్ 13తో విడుదలైన చాలా ఫోన్లలో సవరించవలసింది బూట్ ఇమేజ్ కాదు, ఇనిట్ బూట్ అనే వేరే విభాగం. పాత వీడియో చూసి పని మొదలుపెట్టినవారికి ఈ సంగతి తెలియదు.

వెనక్కి వెళ్లడానికి పాత ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే ఫోన్ సాఫ్ట్‌వేర్ మొత్తం) వేసుకోవచ్చులే అనుకోవడం మరో ప్రమాదం. 2018 నుంచి షావోమి అమలు చేస్తున్న పాత వెర్షన్‌కు వెళ్లకుండా అడ్డుకునే యాంటీ రోల్‌బ్యాక్ వల్ల, రక్షణ అంకె తక్కువగా ఉన్న పాత ఫర్మ్‌వేర్ వేస్తే కొన్ని ఫోన్లు అసలు తెరుచుకోకుండా పోతాయి. పిక్సెల్ 6 వరుస ఫోన్లలో ఆండ్రాయిడ్ 13 వేసుకున్నాక ఆండ్రాయిడ్ 12కు తిరిగి వెళ్లడం కుదరదని 2022లో గూగుల్ ముందే హెచ్చరించింది. అంటే తిరుగుదారి ఉందో లేదో ఫోన్‌ను బట్టి, దానిలో ఆ రోజున ఉన్న బిల్డ్‌ను బట్టి తేలవలసిన విషయం.

గత వర్షాకాలంలో ఒక విద్యార్థి తెచ్చిన ఫోన్ చూశాను. స్క్రీన్ బాగానే వెలుగుతోంది, వైఫై పనిచేస్తోంది, కానీ *#06# కొడితే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) ఉండవలసిన చోట ఖాళీ, సిమ్ వేస్తే సిగ్నల్ లేదు. రూట్ చేయబోయి ఫోన్ లోగో దగ్గర ఆగిపోతే, ఎక్కడో దొరికిన మరో ప్రాంతపు ఫర్మ్‌వేర్‌ను అన్ని విభాగాలూ చెరిపి వేయడంతో సిగ్నల్ చూసుకునే మోడెమ్‌కు సంబంధించిన విభాగం పోయింది. ఆ విభాగం ఫోన్ ఫోన్‌కూ వేరు కనుక కంపెనీ ఫర్మ్‌వేర్‌లో అది దొరకదు. ముందే తీసిపెట్టుకున్న బ్యాకప్ ఒక్కటే దిక్కు, అతని దగ్గర అది లేదు. జగదాంబ దగ్గర ఒక దుకాణంలో వేరే ఐఎంఈఐ రాసి ఇస్తామన్నారట. ఐఎంఈఐని మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరమని చెప్పి వద్దన్నాను.

ఫోన్ చక్కగా రూట్ అయినా మిగిలే చిక్కు డబ్బు వ్యవహారం. ఎంవీపీ కాలనీ రైతుబజారులో కూరగాయల నుంచి ఆటో ఛార్జీ దాకా యూపీఐతోనే నడుపుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. సేఫ్టీనెట్ స్థానంలో వచ్చిన ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ తనిఖీ, బూట్‌లోడర్ తెరిచి ఉందన్న సంగతిని చిప్‌లోని కీల ద్వారా నిర్ధారించుకోగలదు. చాలా బ్యాంకు యాప్‌లు ఆ జవాబు చూసి తెరుచుకోవు. రూట్‌ను దాచిపెట్టే మాడ్యూళ్లు (మాజిస్క్‌కు చేర్చే అదనపు జోడింపులు) ఉన్నాయి గానీ, ఈ రోజు పనిచేసినది రేపటి అప్‌డేట్‌తో ఆగిపోవచ్చు. శాంసంగ్ ఫోన్లలో అనధికార సాఫ్ట్‌వేర్ వేసినట్టు శాశ్వతంగా గుర్తుపెట్టే నాక్స్ ఫ్యూజ్ ఒకసారి కాలితే అధికారిక ఫర్మ్‌వేర్ వేసి బూట్‌లోడర్ మూసినా సెక్యూర్ ఫోల్డర్ (విడిగా తాళం వేసుకునే ఫోల్డర్) తిరిగి రాదు.

లీనేజ్ ఓఎస్ వంటి కస్టమ్ రోమ్ (కంపెనీ బదులు ఇతరులు తయారుచేసిన ఆండ్రాయిడ్) కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌కు మంచి ఎంపికే, కానీ దానికీ బూట్‌లోడర్ తెరవాలి, దానికీ ఇదే సన్నాహం కావాలి. ఒక్క నొక్కుతో రూట్ చేస్తామనే యాప్‌ల గురించి చెప్పేదేమీ లేదు, వాటిని వేసుకోవద్దు.

అందువల్ల జీతం పడే ఖాతా, యూపీఐ, ఆధార్ ఓటీపీలు ఉన్న ఫోన్ ఒక్కటే ఉన్నవారికి ఏడీబీ దారే మేలు. అన్ని యాప్‌ల డేటా సహా పూర్తి బ్యాకప్, కెర్నెల్ (ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు మూలభాగం) మార్పులు వంటివి నిజంగా కావలసినవారు, పక్కన రెండో ఫోన్ ఉన్నవారు రూట్ చేసుకోవచ్చు. వారికి నేను చెప్పే వరుస ఇది. బూట్‌లోడర్ తెరవకముందే తమ బిల్డ్‌కు సరిపోయే పూర్తి ఫర్మ్‌వేర్ కంప్యూటర్‌లోకి దించుకోవాలి, ఫొటోలతో పాటు వాట్సాప్ చాట్లు, అథెంటికేటర్ కోడ్‌లు కూడా వేరే చోటికి చేర్చుకోవాలి. సవరించిన ఇమేజ్‌ను నేరుగా రాసేయకుండా, ఫోన్ ఒప్పుకుంటే ఫాస్ట్‌బూట్‌తో (బూట్‌లోడర్‌కు కంప్యూటర్ నుంచి ఆదేశాలు ఇచ్చే సాధనం) తాత్కాలికంగా నడిపి చూడాలి. రూట్ వచ్చిన వెంటనే మిగతా ఏ పనికన్నా ముందు మోడెమ్ విభాగాల నకలు తీసి ఫోన్ బయట దాచాలి. సవరించిన ఇమేజ్ ఫోన్‌లో ఉండగా బూట్‌లోడర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి లాక్ చేయకూడదు, చేస్తే ఫోన్ తెరుచుకోదు, కొన్నింటిలో మళ్లీ అన్‌లాక్ చేసే అవకాశం కూడా ఉండదు. తమ బిల్డ్‌కు సరిపోయే ఫర్మ్‌వేర్ ఎక్కడా దొరకని ఫోన్ అయితే, రెండో ఫోన్ అయినా సరే, దాన్ని రూట్ చేయవద్దనే చెబుతున్నాను.