ఎంబీఏ హెచ్ఆరా, ఎంహెచ్ఆర్ఎమ్మా: ఏది మేలు?

"నేను అందరితో కలివిడిగా ఉంటాను, అందుకే హెచ్ఆర్ తీసుకుంటున్నా" అనేవాళ్లు ప్రతి ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) సీజన్లోనూ తగులుతారు. కలివిడితనం మంచిదే గానీ, కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఈ హెచ్ఆర్ ఉద్యోగంలో సగం రోజు హాజరు లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ, జీతం తక్కువ పడిందని వచ్చినవాళ్లకు జవాబు చెప్పుకోవడంతోనే సరిపోతుంది.

జంషెడ్‌పూర్ ఎక్స్ఎల్ఆర్ఐలోనో, ముంబై టిస్‌లోనో (రెండూ హెచ్ఆర్ చదువుకు బాగా పేరున్నవి) సీటొస్తే ఇక ఆలోచించక్కర్లేదు, లోన్ పెట్టయినా వెళ్లిపోండి. తక్కిన మనందరం ఎంబీఏలో హెచ్ఆర్ తీసుకోవాలా, హెచ్ఆర్ కోసమే ఉన్న ఎంహెచ్ఆర్ఎం (మాస్టర్ ఆఫ్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్) డిగ్రీ చేయాలా అన్నదే ఇక్కడి సంగతి.

ఐసెట్ రాసి ఎంబీఏలో చేరితే మొదటి ఏడాదంతా అకౌంట్స్, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్, ఇలా అన్నీ కొంచెం కొంచెం చదువుతారు, హెచ్ఆర్ మాత్రం రెండో ఏడాదిలో ఎంచుకునే కొన్ని పేపర్లే. దానివల్ల లాభమూ ఉంది, మధ్యలో మనసు మారితే ఫైనాన్స్ వైపు జరిగిపోవచ్చు. కానీ మామూలు కాలేజీలో ఎంబీఏ హెచ్ఆర్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతికితే ముందుగా దొరికేది రిక్రూటర్ పనే. పొద్దున పదింటికి ఎక్సెల్ షీట్ తెరిచి "ప్రెజెంట్ సీటీసీ (ఏడాది జీతం ప్యాకేజీ) ఎంత? నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లు?" అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉండాలి, నెలాఖరుకి ఎంతమందిని చేర్పించావన్నదే లెక్క. అది చెడ్డ పనేమీ కాదు, ఐటీలో పైకి వెళ్లినవాళ్లూ ఉన్నారు, కాకపోతే దాన్ని అమ్మకాల ఉద్యోగం అంటేనే నిజానికి దగ్గర.

ఎంహెచ్ఆర్ఎం సంగతి వేరు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఇచ్చే ఈ డిగ్రీలో లేబర్ చట్టాలు, యూనియన్లు, వేతనాలు, కార్మిక సంక్షేమమే అసలు చదువు. ఫార్మా, స్టీల్, సిమెంట్ ప్లాంట్లకు కావాల్సింది ఇదే. షోకాజ్ నోటీసు ఎలా రాయాలి, డొమెస్టిక్ ఎంక్వైరీలో (కంపెనీ లోపల జరిపే విచారణలో) కార్మికుడి వాంగ్మూలం ఎలా తీసుకోవాలి, క్యాంటీన్ సాంబారు మీద మొదలైన గొడవ గేటు ధర్నా కాకుండా ఎవరితో ముందు మాట్లాడాలి, ఇవన్నీ తెలిసినవాడి కోసం చూస్తారు. పైగా 29 చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికే తీసుకున్న) ఉద్యోగికి ఐదేళ్లు ఆగక్కర్లేకుండా ఏడాదికే గ్రాట్యుటీ లాంటి మార్పులొచ్చాయి, వీటిని చదివి పేరోల్లోకి ఎక్కించగలిగేవాళ్ల అవసరం ఇప్పుడు బాగానే ఉంది. ఇబ్బంది ఏమిటంటే ఐటీ కంపెనీల్లో ఎంబీఏ అంటే వెంటనే అర్థమైనట్టు ఈ పేరు అర్థం కాదు, మీరే వివరించాలి. షిఫ్టులు, ఊరవతల ప్లాంటు, అర్ధరాత్రి ఫోన్లు కూడా ఉంటాయి.

ప్రభుత్వ రంగ సంస్థల మీద కన్నుంటే రెండు డిగ్రీలకూ సాధారణంగా దారి ఉంటుంది, నోటిఫికేషన్‌లో హెచ్ఆర్ స్పెషలైజేషన్ ఎలా అడిగారో మాత్రం చూసుకోవాలి. పవర్‌గ్రిడ్ లాంటివి యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) స్కోరుతో హెచ్ఆర్ వాళ్లను తీసుకున్న సందర్భాలున్నాయి. ఆ నెట్‌లో హెచ్ఆర్, కార్మిక సంక్షేమం కలిసి ఉండే 55వ నంబరు సబ్జెక్టు సిలబస్‌లో లేబర్ చట్టాలూ, పారిశ్రామిక సంబంధాలే ఎక్కువ కాబట్టి అక్కడ ఎంహెచ్ఆర్ఎం వాళ్లకు మొగ్గు.

నన్నడిగితే ఫ్యాక్టరీ వాతావరణం భయపెట్టకపోతే ఎంహెచ్ఆర్ఎం, హైదరాబాద్ ఐటీయే కావాలంటే ఎంబీఏ, అదీ మంచి కాలేజీలో కన్వీనర్ సీటొస్తేనే. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు కట్టి హెచ్ఆర్ చదవడం మాత్రం నాకు మింగుడుపడదు. ఒకవేళ కట్టాలనే అనుకుంటే, పోయినేడు హెచ్ఆర్ బ్యాచ్‌లో ఎవరెవరు ఏ హోదాలో చేరారో లిస్టు అడగండి, కంపెనీల లోగోలున్న బ్రోచర్ కాదు.